చెర్నోబిల్ అణువిద్యుత్కేంద్ర ప్రమాదము: దీర్ఘకాలిక పరిణామములు

క్రీ. శ. 1986 ఏప్రిల్ 26వ తేదీ తెల్లవారుజామున 1 గంట 23 నిమిషములకు, అప్పటి సోవియట్ యూనియనులో అంతర్భాగమైయుండిన ఉక్రెయిన్ గణతంత్రపు ఉత్తరపు సరిహద్దు సమీపమున, ప్రిప్యాత్ నదీతీరమున నెలకొల్పబడిన చెర్నోబిల్ అణువిద్యుత్కేంద్రమునందలి నాలుగవ రియాక్టరు బ్రద్దలయ్యెను. విద్యుదుత్పాదనకై నిర్మింపబడిన అణుకేంద్రములలో సంభవించిన ప్రమాదము లన్నింటిలో ఇది మిక్కిలి ఘోరమైనది. అణుప్రమాదముల తీవ్రతను గుర్తించు అంతర్జాతీయ సూచికలో అత్యున్నతమైన 7వ స్థానము దీనికిని, 2011లో జపానునందు జరిగిన ఫుకుషిమా ప్రమాదమునకును మాత్రమే ఈయబడినది. గని కూలినను, ఆనకట్ట తెగినను, మృతులను లెక్కించి, శిథిలములను తొలగించి, కొన్ని సంవత్సరములలో ఆ ఉదంతమును ముగించుటకు వీలుండును. అణుకేంద్ర ప్రమాదమున కట్టి ముగింపు లేదు. దాని ఫలితములలో కొన్ని 8 దినములకు సగమై తరిగిపోవును. కొన్ని 30 సంవత్సరములకు గాని సగము కావు. కొన్నింటికి 24,000 సంవత్సరములు పట్టును. ఈ కాలప్రమాణములు ప్రకృతి నిర్ణయించినవే యైనను, మనుష్యులకు వాటిల్లిన హానిలో ఎంత భాగము నివారింప శక్యమైయుండెనో పరిశీలించినచో, ప్రమాదానంతరము మొదటి రెండు మూడు వారములలో అధికారులు చేసిన పనులును, చేయక విడిచిన పనులును తరువాతి దశాబ్దముల గతిని చాలవరకు నిర్ణయించినట్లు గోచరించును.

కారణములు

ఆర్.బి.ఎం.కె. అను రష్యన్ సంక్షిప్తనామముగల ఈ తరగతి రియాక్టరులలో న్యూట్రానుల వేగమును తగ్గించుటకు గ్రాఫైటును, ఉష్ణమును కొనిపోవుటకు నీటిని వాడుదురు. నీరు న్యూట్రానులను కొంతవరకు పీల్చుకొనును గనుక, అది మరిగి ఆవిరియైనకొలది ఇందు శృంఖలాచర్య మందగింపక మరింత తీవ్రమగును. రియాక్టరు తక్కువ శక్తితో నడచునపుడు ఈ దోషము ప్రబలముగా నుండును. నియంత్రణ కడ్డీల చివరలకు గ్రాఫైటు భాగములు తగిలింపబడియుండుటచే, పూర్తిగా పైకి లాగబడియున్న కడ్డీలను ఒక్కుమ్మడిగా దింపినచో, మొదటి కొన్ని సెకండ్లపాటు రియాక్టరు అడుగుభాగమున శక్తి తగ్గుటకు మారు పెరుగును. నిర్మాణకర్తలకు ఈ లోపము కొంతవరకు తెలిసియే యుండెను. కేంద్రమును నడుపువారికి మాత్రము దానిని విశదముగా తెలుపలేదు. బయటి విద్యుత్సరఫరా నిలిచిపోయినపుడు, ఆగిపోవుచున్న టర్బైను తన వేగముచేతనే నీటి పంపులకు కొంతసేపు విద్యుత్తు నీయగలదా యని పరీక్షింపదలచి, ఏప్రిల్ 25న పని నారంభించిరి. కీవ్ నగరమునకు విద్యుత్తు కావలసివచ్చుటచే ఆ పరీక్ష సుమారు 9 గంటలు వాయిదాపడి, అందుకు తగినట్లు సిద్ధపడని రాత్రి షిఫ్టువారి చేతికి వచ్చెను. శక్తి ఒక దశలో దాదాపు శూన్యమునకు పడిపోగా, కడ్డీల నించుమించు అన్నింటిని పైకి లాగి దానిని 200 మెగావాట్లకు తెచ్చి పరీక్ష సాగించిరి. పరీక్ష ముగియుచుండగా అత్యవసరముగా ఆపు మీటను నొక్కిన కొన్ని సెకండ్లలో రెండు విస్ఫోటనములు సంభవించి, వేయి టన్నులకు మించిన రియాక్టరు పైమూత ఎగిరిపడెను. రియాక్టరును పూర్తిగా కప్పి యుంచు దృఢమైన కాంక్రీటు కవచము ఈ తరగతి కేంద్రములకు లేకుండుటచే, లోనిది తిన్నగా ఆకాశములోనికి వెలువడెను.

1987 జూలైలో కేంద్రపు డైరెక్టరు బ్ర్యుఖానోవ్, ప్రధాన ఇంజనీరు ఫోమిన్, ఉప ప్రధాన ఇంజనీరు ద్యాత్లోవ్ అనువారికి ఒక్కొక్కరికి పది సంవత్సరముల కారాగారశిక్ష విధింపబడెను. 1986 ఆగస్టులో వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సభయెదుట సోవియట్ శాస్త్రజ్ఞుడు వలేరీ లెగాసోవ్ సమర్పించిన నివేదిక పనివారి తప్పిదములనే ముఖ్యకారణముగా చూపినది. 1992లో ఆ సంస్థకు చెందిన నిపుణులు ఆ నివేదిక నిర్ణయమును సవరించి, నిర్మాణదోషములకును, భద్రత నుపేక్షించిన పరిపాలనా పద్ధతికిని అధిక బాధ్యత నాపాదించిరి. ఈ సవరణ న్యాయమైనదని తలంచుటకు తగిన ఆధారములు కలవు.

వెలువడిన పదార్థములు

గ్రాఫైటు రమారమి పది దినములు మండుచుండెను. హెలికాప్టరులనుండి ఇసుక, బంకమన్ను, సీసము, బోరాను మున్నగునవి సుమారు 5,000 టన్నులు క్రుమ్మరించిరి. రియాక్టరులోని అయొడీనులో సగమునకు మించియు, సీసియములో దాదాపు మూడవ వంతును, ఇంధనములో 3 నుండి 4 శాతమును ఈ దినములలో బయటికి పోయినట్లు గణించిరి. వీనిలో అయొడీను-131 అర్ధాయువు 8 దినములు. కొన్ని నెలలలో అది నిశ్శేషమయ్యెను. సీసియము-137, స్ట్రాన్షియము-90 అనువాని అర్ధాయువు సుమారు 30 సంవత్సరములు. నలుబది సంవత్సరములు గడచిన పిమ్మట కూడ నాడు నేలపై పడిన సీసియములో పదింట నాలుగు పాళ్లు మిగిలియే యుండును. స్ట్రాన్షియమును, ప్లుటోనియమును బరువైన ఇంధనపు రేణువులతో కలిసి యుండుటచే చాలవరకు కేంద్రమునకు దగ్గరనే పడినవి. సీసియము మాత్రము ఆవిరియై వాయుమార్గమున దూరదేశములకు పోయెను.

ఈ పదార్థము లన్నియు కాలక్రమమున తరుగునవే యని సాధారణముగా భావింతురు గాని, అందొక అపవాదము కలదు. ప్లుటోనియము-241 అనునది 14 సంవత్సరముల అర్ధాయువుతో క్షయించుచు అమెరీసియము-241 అను వేరొక రేడియోధార్మిక మూలకముగా మారుచుండును. దీని అర్ధాయువు 432 సంవత్సరములు. కావున కేంద్ర పరిసరభూములలో అమెరీసియము, అప్పు తీరుచున్నదనుకొన్న యింట వడ్డీ పెరుగుచున్నట్లు, ఈ శతాబ్ది మధ్యభాగము వరకు హెచ్చుచునే యుండును.

ఈ పదార్థముల పతనము అన్నిచోట్ల సమముగా లేదు. ఆ దినములలో గాలి పలుమారులు దిశ మార్చుకొనెను. మేఘము పోవుచున్నపుడు వాన కురిసిన చోట నేల మిక్కిలి కలుషితమై, దాని ప్రక్కనే వాన లేని గ్రామము దాదాపు శుభ్రముగా మిగిలెను. బెలారస్, ఉక్రెయిన్, రష్యా దేశములలో మొత్తము సుమారు 1,50,000 చదరపు కిలోమీటర్ల భూమి గమనింపదగిన కాలుష్యమునకు లోనయ్యెను. కేంద్రము ఉక్రెయినులోనిదే యైనను, ఎక్కువ కష్టమునకు గురియైనది బెలారస్. అందు ఒక్క అణువిద్యుత్కేంద్రమైనను అప్పటికి లేదు. దాని భూభాగములో ఐదవ వంతునకు మించినది కాలుష్యము పాలయ్యెను. ఆ దేశపు గోమెల్, మొగిల్యోవ్ మండలములును, రష్యాలోని బ్ర్యాన్‌స్క్ మండలమును నేటికిని ఈ భారమును మోయుచున్నవి.

మొదటి దినములు

కేంద్రమునకు మూడు కిలోమీటర్ల దూరమున, 1970లో స్థాపింపబడిన ప్రిప్యాత్ పట్టణమునందు దాదాపు 49,000 మంది జనులుండిరి. వారిలో అధికులు కేంద్రపు ఉద్యోగులును, వారి కుటుంబములును. ఏప్రిల్ 26వ తేదీ శనివారము ఆ పట్టణమున బాలురు బడికి పోయిరి. తల్లులు బిడ్డలను ఎత్తుకొని వీధులలో తిరిగిరి. మరునాటి మధ్యాహ్నము 2 గంటలకు, అనగా ప్రమాదము జరిగిన 36 గంటల పిమ్మట, వేయికి మించిన బస్సులు వచ్చి అందరిని తరలించుకొనిపోయెను. మూడు దినములకు కావలసిన వస్తువులు మాత్రము తీసికొనుడని వారికి చెప్పిరి. ఆ పట్టణమునందు తిరిగి కాపురముండుటకు ఎవ్వరికిని వీలు కలుగలేదు.

ప్రపంచమునకు ఈ వార్త సోవియట్ ప్రభుత్వము మూలమున తెలియలేదు. ఏప్రిల్ 28న ఉదయము, వేయి కిలోమీటర్లకు మించిన దూరమున స్వీడనునందలి ఫోర్స్‌మార్క్ అణుకేంద్రమున, లోనికి వచ్చుచున్న ఒక ఉద్యోగి పాదరక్షలయందు రేడియోధార్మికత కనిపించుటచే, ఆ కేంద్రమువారు మొదట తమ రియాక్టరే చెడినదని భ్రమించి, పిదప గాలి వచ్చిన దిశను విచారించి మూలము సోవియట్ భూమియని గ్రహించిరి. ఆ రాత్రి 9 గంటలకు మాస్కో టెలివిజను కొద్ది మాటలలో ప్రమాదమును ప్రకటించెను. మే 1వ తేదీన కీవ్ నగరవీధులలో శ్రామికదినోత్సవపు ఊరేగింపు యథాప్రకారము జరిగెను. అందు బాలబాలికలును పాల్గొనిరి. కేంద్రము చుట్టునుగల 30 కిలోమీటర్ల మండలమును ఖాళీచేయవలెనను నిర్ణయము మే 2న జరిగెను. సోవియట్ అధినేత గొర్బచేవ్ జాతి నుద్దేశించి ప్రసంగించినది మే 14న.

ప్రమాదము జరిగిన రాత్రి కేంద్రమునందుండిన పనివారును, మంటల నార్పుటకు వచ్చిన అగ్నిమాపకదళమువారును పొందిన వికిరణము అత్యధికము. 134 మందికి తీవ్ర వికిరణ వ్యాధి నిర్ధారింపబడెను. వారిలో 28 మంది ఆ సంవత్సరముననే మరణించిరి. ఇద్దరు కార్మికులు విస్ఫోటనమువలన అంతకు ముందే చనిపోయిరి. తరువాతి సంవత్సరములలో శుద్ధికార్యమునకై సైనికులు, గనికార్మికులు, వాహనచోదకులు, వైద్యులు దేశపు నలుమూలలనుండి రప్పింపబడిరి. సుమారు 6,00,000 మందికి ఈ పనిలో పాల్గొనినట్లు పత్రములు లభించినవి. వీరినే రష్యన్ భాషలో లిక్విడేటరులందురు. ప్రక్కరియాక్టరు కప్పుపై పడిన గ్రాఫైటు ముక్కలను తొలగించుటకు తెచ్చిన యంత్రములు వికిరణముచే చెడిపోగా, సీసపు రేకులు కట్టుకొనిన యువసైనికులు ఒకరి వెంట ఒకరు పైకెక్కి, ఒకటి రెండు నిమిషములలో పారతో కొన్ని ముక్కలను క్రిందికి త్రోసి దిగివచ్చిరి. వీరు లేనిచో మిగిలిన మూడు రియాక్టరులను నిలుపుకొనుట దుర్లభమై యుండెడిది.

పాలు, పసిబిడ్డలు

ఈ ప్రమాదమువలన సామాన్యజనులకు కలిగిన శారీరక హానిలో నిస్సందేహముగా రుజువైనది పిల్లలలో కనబడిన థైరాయిడు కేన్సరు. దీని క్రమము సులభగ్రాహ్యము. మానవశరీరములోనికి ప్రవేశించిన అయొడీను కంఠభాగముననున్న థైరాయిడు గ్రంథిలో కేంద్రీకృతమగును; ఆ గ్రంథి సాధారణ అయొడీనుకును, రేడియోధార్మిక అయొడీనుకును భేద మెరుగదు. గాలినుండి గడ్డిపై పడిన అయొడీను-131ను ఆవు మేయును. రెండు దినములలో అది పాలలో ప్రత్యక్షమగును. పాలు ఎక్కువగా త్రాగువారు పిల్లలు, వారి గ్రంథి చిన్నది, కావున అదే పరిమాణముగల పదార్థము వారికి పెద్దలకంటె అనేకరెట్లు అధికమైన మోతాదు నిచ్చును. పైగా బెలారస్, ఉత్తర ఉక్రెయిన్ ప్రాంతముల మట్టిలోను, ఆహారములోను స్వభావముగనే అయొడీను కొరత కలదు. కొరతగల గ్రంథి దొరికిన అయొడీనును మరింత ఆతురతతో గ్రహించును.

దీనిని నివారించుటకు మార్గములు రెండు. రెండును అప్పటికే తెలిసినవి. మొదటిది, రేడియోధార్మికత లేని అయొడీనును ముందుగా మాత్రల రూపమున ఇచ్చి గ్రంథిని నింపియుంచుట. రెండవది అంతకంటె సులభము: కొన్ని వారములు ఆ ప్రాంతపు పాలు త్రాగవలదని చెప్పుట. అయొడీను అర్ధాయువు 8 దినములే గనుక, రెండు నెలలు గడచిన పిమ్మట ఆ భయము దానంతటదియే తొలగును. ఆ పాలనే వెన్నగనో, పొడిగనో మార్చి నిలువచేసి తరువాత వాడుకొనవచ్చును. పొరుగుననున్న పోలెండులో ఏప్రిల్ 29ననే మాత్రల పంపకము ప్రారంభమై, పిల్లలకే ఒక కోటికి మించిన మోతాదులు పంచిరి, పచ్చికమేసిన ఆవుల పాలను కట్టడిచేసిరి. ప్రిప్యాత్ నివాసులకు కొన్ని మాత్రలు దొరికినవి. గోమెల్ మండలపు పల్లెలలో మాత్రము అత్యధికులకు మాత్రలు లేవు, హెచ్చరికయు లేదు. ఆ పల్లెలలో ఇంటింట ఆవు కలదు. వసంతఋతువున పచ్చిక మొలచినది. తల్లులు ఎప్పటివలెనే పాలు పితికి బిడ్డలకు పోసిరి.

1990 ప్రాంతమున బెలారస్ వైద్యులు పిల్లలలో ఈ కేన్సరు పెరుగుచుండుట గమనించిరి. చిన్నతనమున మిక్కిలి అరుదైన ఈ రోగము పదులసంఖ్యలో కనబడుటను వారు 1992లో 'నేచర్' పత్రికాముఖమున ప్రకటించినపుడు, పాశ్చాత్య నిపుణులలో పలువురు విశ్వసింపలేదు. ఇంత శీఘ్రముగా ఈ రోగము తలయెత్తదని వారి అభిప్రాయము. అంతకు ముందేడు వెలువడిన అంతర్జాతీయ నివేదిక యొకటి వికిరణమువలన నేరుగా కలిగిన వ్యాధులు కనబడలేదని తేల్చియుండుట ఈ సందేహమునకు బలమిచ్చెను. సత్యము ఆ స్థానిక వైద్యుల పక్షముననే యుండెను. ప్రమాదకాలమునకు 18 ఏండ్లలోపు వయస్సున నుండినవారిలో 1991 నుండి 2015 వరకు ఈ మూడు దేశములయందు సుమారు 19,000 మందికి థైరాయిడు కేన్సరు సోకెననియు, వానిలో ఇంచుమించు నాలుగవ వంతు వికిరణమునకు ఆపాదింపవచ్చుననియు ఐక్యరాజ్యసమితి శాస్త్రీయసంఘము అంచనావేసినది. శస్త్రచికిత్సచే ఈ రోగము చాలవరకు నయమగును, మృతులు స్వల్పసంఖ్యాకులే. అయినను గ్రంథిని కోల్పోయినవారు జీవితాంతము మాత్రలు మ్రింగవలసినవారే. వారి కంఠముపై అడ్డముగా నిలిచిన శస్త్రచికిత్సా చిహ్నమును ఆ దేశస్థులు 'చెర్నోబిల్ హారము' అని పిలిచిరి. రెండు నెలల నిషేధముచే చాలవరకు తప్పిపోయెడి ఈ కష్టమును ఈ వ్యాసకర్త ప్రమాదపు ఫలితమనుటకంటె మౌనపు ఫలితమనుటయే యుక్తమని తలంచును.

ఇతర వ్యాధులు, మృతుల సంఖ్య

లిక్విడేటరులకు 1986 నుండి 1990 వరకు కలిగిన సగటు మోతాదు సుమారు 120 మిల్లీసీవర్టులు. ఖాళీచేయించిన జనులకు సుమారు 30. కాలుష్యప్రాంతములందే నిలిచియున్నవారికి మొదటి ఇరువది సంవత్సరములలో సుమారు 9. భూమిమీద ఎక్కడ నివసించువారికైనను ప్రకృతిసిద్ధముగా సంవత్సరమునకు సగటున 2.4 మిల్లీసీవర్టుల వికిరణము తగులుచునే యుండును. లిక్విడేటరులలో రక్తకేన్సరును, కంటిశుక్లములును పెరిగినవనుటకు ఆధారములు లభించినవి. హృద్రోగములవిషయమున విచారణ సాగుచున్నది.

మొత్తము మృతుల సంఖ్య విషయమున వివాదము నేటికిని చల్లారలేదు. ఐక్యరాజ్యసమితి సంస్థలును, మూడు దేశముల ప్రభుత్వములును కలిసి ఏర్పరచిన చెర్నోబిల్ ఫోరము, 2005లో, అధికముగా వికిరణమునకు గురియైన సుమారు 6,00,000 మందిలో కడపటికి 4,000 వరకు మరణములు సంభవింపవచ్చునని చెప్పెను. విస్తృతప్రాంతమునుగూడ చేర్చుకొని ప్రపంచ ఆరోగ్యసంస్థ 9,000 వరకు అంచనావేసెను. ఇతర పరిశోధకులును, ఉద్యమసంస్థలును దీనికి అనేకరెట్లు హెచ్చుసంఖ్యలు ప్రకటించిరి. ఈ భేదమునకు మూలము మోతాదు అత్యల్పమైనపుడు కలుగు హానిని లెక్కించు విధానమునం దున్నది: ప్రతి చిన్న మోతాదును దానికి తగినంత చిన్న ప్రమాదమును తెచ్చునని ఊహించి, దానిని కోట్లకొలది జనుల సంఖ్యచే గుణించినచో పెద్ద సంఖ్య వచ్చును. కాని ఆ కోట్లమందిలో పలువురు ఏదో యొక కేన్సరుచే మరణించువారే గనుక, అందు చెర్నోబిల్ వలన చనిపోయినవా రెవరో వేరుపరచి చూపుట ఏ వైద్యునకును సాధ్యముగాదు. ఈ అనిశ్చయము ఒక పక్షమువారికి ఉపేక్షకును, మరొక పక్షమువారికి అతిశయోక్తికిని అవకాశ మిచ్చినది.

వంశపారంపర్యముగా దోషములు సంక్రమించునను భయము ప్రజలలో అన్నింటికంటె గాఢముగా నాటుకొనెను. గ్రీసు దేశమున వికిరణభయముచే, ఆరోగ్యముగనే జన్మింపగల శిశువులను గర్భమునందే తొలగించుకొనిన తల్లు లెందరో కలరు. లిక్విడేటరుల సంతానముయొక్క జన్యుపదార్థమును సంపూర్ణముగా పఠించి 2021లో ప్రకటింపబడిన పరిశోధన, తల్లిదండ్రుల వికిరణముచే బిడ్డలలో క్రొత్త మార్పులు హెచ్చినట్లు కనబడలేదని తెలిపెను. ముప్పదియైదేండ్లకు వచ్చిన ఈ సమాధానము ఊరట నిచ్చునదే.

స్థానభ్రష్టులు

1986లో సుమారు 1,16,000 మంది, తరువాతి సంవత్సరములలో మరి 2,20,000 మంది ఇండ్లు విడువవలసివచ్చెను. పశువులను, శ్మశానములను, తోటలను విడిచి, తెలియని నగరములలో ఎత్తైన కట్టడములందు కాపురము పెట్టిన పల్లెవారికి క్రొత్త ఇరుగుపొరుగులు చేరువ కాలేదు. వారి పిల్లల ప్రక్కన కూర్చుండుటకు ఇతర బాలురు జంకిరి, వారి కుమార్తెలను పెండ్లాడుటకు వరుల తల్లిదండ్రులు వెనుదీసిరి. మనోవ్యాకులత, నిస్పృహ, మద్యపానము, తమ శరీరమునందు చేటు దాగియున్నదను ఎడతెగని శంక - ఈ ప్రమాదమువలన కలిగిన ప్రజారోగ్య సమస్యలలో ఇదియే అతివిస్తృతమైనదని చెర్నోబిల్ ఫోరము నిర్ణయించెను. ఇది ఊహారోగమని చులకనచేయుట తగదు. తొలిదినములందు అసత్యము పలికిన నోళ్లే తరువాత సత్యము పలికినను నమ్మశక్యముగాక, భయపడుటకు కారణ మున్నచోటను లేనిచోటను జనులు సమానముగా భయపడిరి.

ఖాళీచేయించిన ఆ 30 కిలోమీటర్ల నిషిద్ధమండలమునకు వేయిమందికి పైగా, చాలవరకు వృద్ధస్త్రీలు, ప్రభుత్వాజ్ఞను త్రోసిరాజని తిరిగివచ్చి తమ యిండ్లలోనే కాపురముండిరి. వారిని 'సమొస్యోలీ' యందురు. యుద్ధమును, క్షామమును చూచిన తాము కంటికి కనబడని దానికై ఊరు విడువజాలమనుట వారి వాదము. వారి సంఖ్య కాలధర్మముచే ఏటేట తగ్గుచువచ్చెను. ఇట్టివారి మాటలను, లిక్విడేటరుల భార్యల మాటలను ప్రోగుచేసి బెలారస్ రచయిత్రి స్వెత్లానా అలెక్సీవిచ్ 1997లో ప్రకటించిన గ్రంథము ఈ ప్రమాదమునుగూర్చి వెలసిన సాహిత్యములో అగ్రగణ్యము. ఆమెకు 2015లో నోబెల్ బహుమానము లభించెను. కేంద్రపు ఉద్యోగులకొరకు స్లావుటిచ్ అను క్రొత్త పట్టణమును సోవియట్ గణతంత్రములనుండి వచ్చిన నిర్మాతలు తమ తమ పద్ధతుల ననుసరించి నిర్మించిరి. అందలి పేటలు నేటికిని బాకూ, యెరెవాన్, టాలిన్, రీగా మున్నగు నగరముల పేర్లతోనే పిలువబడుచున్నవి.

నేల, అడవి, మృగములు

సీసియము రసాయనస్వభావమున పొటాషియమును పోలియుండుటచే మొక్కలు దానిని వేళ్లతో గ్రహించును. ఈ పోలికనే ఆధారము చేసికొని వ్యవసాయశాస్త్రజ్ఞులు పొలములకు పొటాషు ఎరువును అధికముగా వేసి సీసియపు ప్రవేశమును తగ్గించిరి. పశువుల మేతలో ప్రష్యన్ నీలి అను రంగుపదార్థమును కలిపి, ప్రేగులలోనే సీసియమును బంధించి పాలలోనికి రాకుండ చేసిరి. సేద్యపు భూములలో ఈ యుపాయములు బాగుగ ఫలించినవి. అడవులలో దున్నుట, ఎరువు వేయుట లేవు గనుక, ఆకులు రాలి, కుళ్లి, తిరిగి చెట్టునకే పోవు చక్రమునందు సీసియము చిక్కుకొని తిరుగుచునే యున్నది. పుట్టగొడుగులు, అడవిపండ్లు, వేటమాంసము పలుచోట్ల నేటికిని తినదగినవి గావు. పేదలకు అవియే ఆహారమగుట ఆ ప్రాంతపు దురదృష్టము.

దూరదేశములయందును ఈ ప్రభావము విచిత్రముగా నిలిచెను. నార్వే, స్వీడనులలో సామీజాతివారి రెయిన్‌డీరులు మేయు శిలావల్కము గాలినుండియే పోషణ పొందునది గనుక సీసియమును సమృద్ధిగా పీల్చుకొనెను; వేలకొలది మృగములను చంపి పారవేయవలసివచ్చెను. బ్రిటనులో సుమారు 9,800 గొఱ్ఱెల క్షేత్రములపై 1986లో విధింపబడిన ఆంక్షలలో కడపటివి 2012లో గాని తొలగలేదు. భారతదేశమునకు ఐర్లాండునుండి వచ్చిన వెన్న విషయమున బొంబాయిలో ఆందోళన చెలరేగి, వ్యాజ్యము 1988లో సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయెను. పరీక్షింపగా అందలి వికిరణము అనుమతించిన హద్దులలోనే యున్నదని తేలుటచే వ్యాజ్యము కొట్టివేయబడెను.

కేంద్రమునకు పడమట నుండిన పైన్ వృక్షముల వనము కొన్ని వారములలో ఎఱ్ఱబారి చచ్చెను. ఆ వృక్షములను కూల్చి పూడ్చిరి. ఆ చోటికి 'ఎఱ్ఱ అడవి' యని పేరు. తరువాత మనుష్యసంచారము లేని ఆ మండలమున తోడేళ్లు, లింక్సులు, దుప్పులు, అడవిపందులు విస్తరించినవి. 1998లో విడువబడిన ప్రజెవాల్‌స్కీ అశ్వములు సంతానము పొందినవి. బెలారస్ 1988లో తన భాగమున రక్షితవనమును నెలకొల్పగా, ఉక్రెయిన్ 2016లో అట్లే చేసెను. కాని ఈ సమృద్ధిని చూచి వికిరణము నిరపాయకరమని నిర్ణయించుట తప్పు. పెద్దమృగముల సంఖ్య పెరిగినదని లెక్కించిన పరిశోధకులును, అధికకాలుష్యముగల చోట్ల వానకోవెలలయందు తెల్లఈకలు మున్నగు వైకల్యములు చూచితిమని చెప్పు పరిశోధకులును ఇరువురును కలరు. వారి వివాదము తెగలేదు. మనుష్యుని వ్యవసాయము, వేట, రహదారులు ఆ మృగములకు వికిరణముకంటె ఎక్కువ కీడు చేయుచుండెనను సంగతి మాత్రము దీనివలన బయటపడుచున్నది. అడవులు కాలినపుడు, 2020 ఏప్రిల్‌లో వలె, నేలలో అణగియున్న పదార్థము పొగతో తిరిగి లేచును.

ఆచ్ఛాదనము

నాలుగవ రియాక్టరుపై ఉక్కుతోను, కాంక్రీటుతోను 206 దినములలో నిర్మింపబడిన ఆచ్ఛాదనము 1986 నవంబరులో పూర్తియయ్యెను. అత్యధిక వికిరణమునందు దూరమునుండి యంత్రములతో నిలిపిన ఈ కట్టడమునకు బిగింపులు సరిగా లేవు. రంధ్రములగుండ వాననీరు లోనికి పోవుచుండెను. లోపల సుమారు 190 టన్నుల ఇంధనము కలదు; అందు కొంత, కాంక్రీటుతోను, ఇసుకతోను కరిగి కలసి, గాజువంటి లావాగా క్రిందిగదులలోనికి ప్రవహించి గట్టిపడియున్నది. నలుబదికి మించిన దేశముల ధనసహాయమున దీనిపై మరియొక ఆచ్ఛాదనము నిర్మింపబడెను. 108 మీటర్ల ఎత్తు, 162 మీటర్ల పొడవు, 257 మీటర్ల వెడల్పుగల ఈ ఉక్కుతోరణమును కొంతదూరమున నిర్మించి, 2016 నవంబరులో పట్టాలపై జరిపి స్థానమునకు చేర్చిరి. నూరు సంవత్సరములు నిలుచునట్లు దీనిని రచించిరి; ఆ కాలములో పాత ఆచ్ఛాదనమును విప్పి, లోని ఇంధనమును తీయుటకు ఉపాయము కనుగొనవలెనని సంకల్పము.

రాజ్యములపై ప్రభావము

బెలారస్ తన నష్టమును ముప్పది సంవత్సరములకు 23,500 కోట్ల డాలర్లుగా గణించినది. 1991లో ఆ దేశపు ప్రభుత్వవ్యయములో ఐదవ వంతునకు మించినది చెర్నోబిల్ నిమిత్తమే వెచ్చింపబడెను. మూడు దేశములలో సుమారు 70 లక్షలమంది బాధితులుగా ఏదో యొక సహాయమున కర్హులైరి; ఆ సహాయము జనులను స్వతంత్రులుగా నిలుపుటకు మారు తమను రోగులుగనే భావించుకొనునట్లు చేసెనను విమర్శయు కలదు. సోవియట్ యూనియను పతనమునకు తన సంస్కరణలకంటె చెర్నోబిలే ముఖ్యకారణము కావచ్చునని గొర్బచేవ్ 2006లో వ్రాసెను. ఇటలీ 1987లో ప్రజాభిప్రాయసేకరణ జరిపి అణువిద్యుత్తును వదలుకొనెను. అణుప్రమాదమును వెంటనే పొరుగుదేశములకు తెలుపవలెనను అంతర్జాతీయ ఒడంబడిక, ప్రమాదము జరిగిన ఐదు నెలలకే, 1986 సెప్టెంబరులో కుదిరెను. ఆర్.బి.ఎం.కె. రియాక్టరుల కడ్డీలను, ఇంధనమును సవరించిరి. చెర్నోబిల్ లోని మిగిలిన మూడు రియాక్టరులలో రెండవది 1991లో మంటలచే, మొదటిది 1996లో, మూడవది 2000 డిసెంబరులో నిలిచిపోయెను.

2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యము ఈ కేంద్రమును ఆక్రమించి మార్చి 31 వరకు తన అధీనమున నుంచుకొనెను. ఆ కాలమున ఉద్యోగులు వారములకొలది మార్పిడి లేక పనిచేయవలసివచ్చెను, కొన్ని దినములు బయటి విద్యుత్తు తెగిపోయెను. 2025 ఫిబ్రవరి 14న ఒక డ్రోను తాకుటచే క్రొత్త ఆచ్ఛాదనపు పైపొరలు చిల్లులుపడెను. రియాక్టరులలో వాడి తీసిన 21,000కు మించిన ఇంధన కట్టలను నీటితొట్లనుండి పొడి నిలువకేంద్రమునకు తరలించు పని 2020లో మొదలైనది. అచ్చట వానిని కనీసము నూరు సంవత్సరములు కాపాడవలెను. నాలుగవ రియాక్టరు అడుగునగల లావాను తీయు విధానము ఇంకను నిర్ణయింపబడలేదు.